సామాజిక వర్గీకరణ (అంతర్జాలం)

ఈ వ్యాసం అంతర్జాలంలోని పుటలకు, చిత్రాలకు, వీడియోలకు పాఠకులే పేర్లు పెట్టి అమర్చుకొనే పద్ధతిని గురించినది. రిజర్వేషన్ల వర్గీకరణ గురించి కాదు.

సామాజిక వర్గీకరణ అనగా అంతర్జాలంలోని సమాచారాన్ని గ్రంథాలయాధికారి వంటి నిపుణుడు కాక, దానిని చదివేవారు, వ్రాసేవారు తమకు తోచిన మాటలతో గుర్తించి, ఆ గుర్తులను పదిమందితో పంచుకొనే పద్ధతి. ఇట్లు పెట్టిన గుర్తును ట్యాగు అంటారు. ఒక పుటకు ఎన్ని ట్యాగులైనా పెట్టవచ్చును. ఒకే ట్యాగు కలిగిన పుటలన్నీ ఒకచోట కనబడతాయి. డెలిషియస్, ఫ్లికర్ వంటి సేవల ద్వారా 2003 - 2005 మధ్య ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రచారంలోకి వచ్చినది. తెలుగువారికి ఇది ముఖ్యంగా బ్లాగుల లేబుళ్ల ద్వారా, బ్లాగుల సంకలినుల ద్వారా, వికీపీడియా వర్గాల ద్వారా అలవాటైనది.

ఈ పద్ధతి మంచిచెడ్డలన్నీ ట్యాగులో వాడిన మాట మీదనే ఆధారపడి ఉంటాయి. ఒకే వస్తువు పేరును ఇద్దరు రెండు విధాలుగా వ్రాస్తే కంప్యూటరు దృష్టిలో అవి రెండు వేరువేరు వస్తువులు. తెలుగులో ఈ చిక్కు ఎంత దూరం పోతుందో తెలుసుకొనడానికి హైదరాబాదు నడిబొడ్డున పక్కపక్కనే ఉన్న అమీర్‌పేట, పంజగుట్ట అనే రెండు పేర్లు చాలును. అందుచేత ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా ఆ రెండు ప్రాంతాల నుండి ఇవ్వబడినవి.

పేరు, పూర్వరంగం

ఆంగ్లంలో ఈ పద్ధతిని ఫోక్సానమీ అంటారు. జనము అనే అర్థమిచ్చే ఫోక్ అనే మాటను, వర్గీకరణ శాస్త్రము అనే అర్థమిచ్చే టాక్సానమీ అనే మాటతో కలిపి 2004లో థామస్ వాండర్ వాల్ ఈ పదాన్ని సృష్టించాడు. దీనిని జన వర్గీకరణ అని కూడా అనువదించవచ్చును.

పుస్తకాలను విషయవారీగా అమర్చే పద్ధతులలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతి సుప్రసిద్ధమైనది. మన గ్రంథాలయాలలోనూ దీని వాడుక విస్తారంగా ఉన్నది. ఇందులో జ్ఞానమంతా పది తరగతులుగా విభజింపబడినది. ఆంగ్ల సాహిత్యానికి 820 అనే సంఖ్య కేటాయించగా, తెలుగు సాహిత్యం 894.827 అనే సంఖ్య దగ్గర, దశాంశ బిందువు తరువాత మూడు స్థానాలు లోపలికి పోతే గాని కనబడదు. వర్గీకరించేవాడు ఏ దేశమున కూర్చుని వర్గీకరిస్తున్నాడో ఆ సంఖ్యే చెబుతుంది. ఇది ఎవరినీ నిందించడానికి కాదు. ముందుగా గీసిన పట్టికలో అందరికీ సమానమైన చోటు ఉండదనడానికి మాత్రమే.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్.రంగనాథన్ 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణ ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసినది. పుస్తకాన్ని ఒకే ఒక గదిలో పెట్టక, దానిని వ్యక్తిత్వము, పదార్థము, శక్తి, స్థలము, కాలము అనే ఐదు ముఖాలుగా చూడవలెనని ఆయన సిద్ధాంతం. నేటి ట్యాగులకు, ఆయన ముఖాలకు దగ్గరి పోలిక ఉన్నది. భేదమేమనగా రంగనాథన్ ముఖాలకు వరుస, నియమము ఉన్నవి. ట్యాగులకు రెండూ లేవు.

అంతర్జాలపు తొలినాళ్లలో యాహూ సంస్థ 1994 నుండి నడిపిన దర్శిని కూడా గ్రంథాలయం వంటిదే. మనుషులు కూర్చుని వెబ్‌సైట్లను విషయాల కింద, ఉపవిషయాల కింద పెట్టేవారు. వెబ్‌సైట్ల సంఖ్య పెరిగే కొద్దీ ఆ పని మనుషుల చేతికి మించిపోయినది. ఆ దర్శిని 2014 చివరలో మూతపడినది.

పనిచేసే తీరు

2003లో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషియస్ సేవలో సభ్యుడు తనకు నచ్చిన పుట చిరునామాను దాచుకొని, దానికి కొన్ని మాటలు తగిలించేవాడు. ఇతరులు అదే పుటకు ఏ మాటలు తగిలించారో, అదే మాట కింద ఇంకా ఏ పుటలు ఉన్నవో వెంటనే చూడగలిగేవాడు. 2004లో వచ్చిన ఫ్లికర్ ఇదే పనిని ఛాయాచిత్రాలకు చేసినది. ట్విట్టర్‌లో మాటకు ముందు # అనే గుర్తు పెట్టి దానినే ట్యాగుగా వాడుదామని 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సినా సూచించాడు. అది తరువాత ఇతర సేవలన్నిటికీ పాకినది.

ఎక్కువమంది ఒక వస్తువుకు ఒకే మాట వాడితే ఆ మాట స్థిరపడుతుంది. విద్యార్థులకు దీనిని బోధపరచడానికి అమీర్‌పేట వీధులే మంచి ఉదాహరణ. ఇక్కడి మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ భవనాల చుట్టుపక్కల సాఫ్టువేరు శిక్షణ కేంద్రాలు దట్టంగా ఉన్నవి. ఊరి నుండి వచ్చిన విద్యార్థికి ఏ పాఠం ఎక్కడ చెబుతారో తెలిపేది గోడల మీది కాగితాలు, ఫ్లెక్సీలు, చేతికిచ్చే కరపత్రాలు. వాటి మీద పెద్ద అక్షరాలలో ఉండేవి జావా, డాట్ నెట్, ఒరాకిల్, టెస్టింగ్ వంటి నాలుగైదు మాటలు, కొత్త బ్యాచి తేదీ, సమయం మాత్రమే. జిరాక్సు దుకాణాలలో ఏ పాఠాల నోట్సు ఎక్కువగా అమ్ముడుపోతున్నదో చూస్తే ఆ ఏడు ఏ విషయానికి గిరాకీ ఉన్నదో తెలిసిపోతుంది. ఎవరూ ఆజ్ఞాపించకుండానే అందరూ అవే మాటలు వాడుతూ, వాటి చుట్టూ సమాచారం పోగుపడటమే సామాజిక వర్గీకరణ.

అమీర్‌పేట ఎన్ని రకాలు?

శిక్షణ కేంద్రాలలో జావా అనే మాటకు తగవు లేదు. తగవు అమీర్‌పేట అనే మాటకే ఉన్నది. ఈ పేరును తెలుగులో అమీర్‌పేట, అమీర్పేట, అమీర్ పేట, అమీరుపేట, అమీర్‌పేట్ అని కనీసం ఐదు రకాలుగా వ్రాస్తారు.

తెలుగు లిపికి యూనికోడ్ ప్రమాణంలో 128 స్థానాలు కేటాయించబడినవి (3072 నుండి 3199 వరకు). అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు వీటిలో వేరువేరు స్థానాలు పొందినవి. కంప్యూటరు లెక్కలో 'అమీర్పేట' అనగా అ, మ, దీర్ఘ గుడి, ర, పొల్లు, ప, ఏత్వం, ట అనే ఎనిమిది సంకేతాలు. హల్లు తరువాత పొల్లు, దాని తరువాత మరొక హల్లు వస్తే తెలుగు లిపి నియమం ప్రకారం అది ఒత్తుగా మారుతుంది. రేఫకు పకారపు ఒత్తు రాకుండా పొల్లును పొల్లుగానే నిలపాలంటే నడుమ ఒక అదృశ్య సంకేతం చేర్చవలెను. కంటికి కనబడదు, వెడల్పు సున్నా, పని అక్షరాలను విడదీయటం. అది చేరిన 'అమీర్‌పేట'లో తొమ్మిది సంకేతాలు ఉన్నవి. నడుమ ఖాళీ వదిలిన 'అమీర్ పేట'లోనూ తొమ్మిదే, కాని తొమ్మిదిలో ఒకటి వేరు. ఉకారం చేర్చిన 'అమీరుపేట'లో మళ్లీ ఎనిమిది. తెలుగు అజంత భాష గనుక ఈ చివరి రూపమే మన నుడికారానికి దగ్గరగా ఉన్నది. హైదరాబాద్‌ను హైదరాబాదు అని వ్రాయటం ఇటువంటిదే. అయితే బస్సుల మీద, దుకాణాల బోర్డుల మీద ఈ రూపం తక్కువ.

చదువరికి ఈ ఐదూ ఒకటే. అక్షరానికి అక్షరం పోల్చి చూసే ట్యాగుల సేవకు ఇవి ఐదు వేరు ఊళ్లు. ఖాళీ వదిలిన రూపంతో ఇబ్బంది మరీ ఎక్కువ. డెలిషియస్‌లో ఖాళీ వస్తే ట్యాగు ముగిసినట్లే లెక్క, కనుక 'అమీర్ పేట' రెండు ట్యాగులయ్యేది. # గుర్తుతో వ్రాసినా అంతే. ట్యాగు 'అమీర్' దగ్గర ఆగిపోయి, పేట బయట మిగులుతుంది. అప్పుడు అమీర్‌పేట వరదనీటి గురించి వ్రాసిన కబురు అమీర్ అనే పేరుగల సినిమా నటుల అభిమానుల మధ్యకు చేరుతుంది!

పంజగుట్టకు ఇంకొక రకం చిక్కు ఉన్నది. తెలుగులో పంజగుట్ట, పంజాగుట్ట రెండూ వాడుకలో ఉన్నవి. ఆంగ్లంలో పకారం తరువాత 'ఎ' అక్షరం వ్రాసేవారు కొందరు, 'యు' అక్షరం వ్రాసేవారు మరికొందరు. పంజాబు పేరును ఆంగ్లేయులు 'యు'తో వ్రాసినట్లే ఇక్కడా జరిగినది. 'యు' ఉన్న బోర్డు చదివి దానిని తిరిగి తెలుగులోకి మార్చేవారు పుంజగుట్ట అని వ్రాసిన సందర్భాలూ ఉన్నవి. ఒక పేరు తెలుగు నుండి ఆంగ్లానికి పోయి, అక్కడి నుండి తిరిగి వచ్చేసరికి గుర్తుపట్టలేని విధంగా మారటం మన ఊరి పేర్లలో సర్వసాధారణం.

తెలుగులో విభక్తులు పేరుకు అతుక్కొని రావటం మరొక కారణం. అమీర్‌పేటలో, అమీర్‌పేటకు, అమీర్‌పేటలోని అనే మాటలు అన్నీ ఒకే పేరుకు రూపాలు. ఆంగ్లంలో పేరు అట్లాగే నిలిచి దాని ముందు విడిమాట వస్తుంది గనుక ఆంగ్లం కోసం తయారైన ట్యాగుల సేవలలో దీనికి ఏర్పాటు లేదు. పెద్ద వెతుకుడు యంత్రాలు ఇటువంటి రూపభేదాలను కొంతవరకు గుర్తించగలుగుతున్నవి. ట్యాగులకు మాత్రం ఆ తెలివి రాలేదు.

ఒక పేరు, అనేక అర్థాలు

పై చిక్కుకు ఇది తిరగబడిన రూపం. అమీర్‌పేట అనగా ఒక పేట. హైదరాబాదు జిల్లాలో ఒక మండలం. 2017 నవంబరులో ప్రారంభమైన, రెండు మార్గాలు కలిసే మెట్రో స్టేషను. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలో ఇదే పేరుతో ఒక గ్రామం కూడా కలదు. వీటన్నిటికీ మించి ఈ పేరు సాఫ్టువేరు శిక్షణకు పర్యాయపదమైనది. 'అమీర్‌పేటలో నేర్చుకున్నాడు' అంటే ఏమి నేర్చుకున్నాడని ఎవరూ అడగరు. కనుక ఈ ట్యాగు మీద నొక్కినవారికి అద్దె ఇల్లు, మెట్రో వేళలు, జావా పాఠం అన్నీ కలిసి ఎదురవుతాయి.

స్థలాన్ని తికమక లేకుండా చెప్పడానికి తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ ప్రవేశపెట్టినది. అంకెలు ఏ భాషలోనైనా అవే గనుక ఇది మంచి ట్యాగు కావలసినది. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి చిరునామాలో 500082 అని ఉంటుంది. కాని అమీర్‌పేటలో కొన్ని భవనాలకు 500016 అనీ, మైత్రీవనం వైపు వాటికి 500038 అనీ వ్రాస్తారు. తపాలా బట్వాడా కోసం గీసిన హద్దు జనం మనసులోని పేట హద్దుతో కలవదు. ఆ నిమ్స్ పేరు సంగతి చూసినా అంతే. పూర్తి పేరు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ. పేషెంటును తీసుకొని వచ్చే బంధువులు నిమ్స్ అని తప్ప వెతకరు. పూర్తి పేరుతో మాత్రమే గుర్తించిన పుట వారికి ఆ సమయంలో అందకపోవచ్చును.

తెలుగు అంతర్జాలంలో వర్గీకరణ

1990ల దశకంలో తెలుగువారు అంతర్జాల చర్చా బృందాలలో తెలుగును రోమను అక్షరాలతో వ్రాసుకొనేవారు. అందుకు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి బాగా వాడబడినది. ఈ పద్ధతిలో ఆంగ్లపు చిన్న బడి, పెద్ద బడి అక్షరాలకు వేరువేరు విలువలు ఉన్నవి. తకారానికి చిన్నది, టకారానికి పెద్దది. వెతుకుడు యంత్రాలు ఈ తేడాను పట్టించుకొనవు. అందువలన 'పాట' వెతికినవారికి 'పాత' కూడా దొరికేది.

తరువాతి దశలో ఈనాడు మొదలైన పత్రికల వెబ్‌సైట్లు వేటికవి సొంత ఖతులు వాడినవి. చదవటానికి అచ్చ తెలుగే అయినా లోపల ఉన్న సంకేతాలు వేరు. ఆ వార్తలు ఏ వెతుకులాటకూ అందేవి కావు, ఏ ట్యాగుకూ కలిసేవి కావు. వీటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ విహరిణికి పద్మ అనే పొడిగింతను తయారుచేసినాడు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించినదీ ఆయనే. వీవెన్ రూపొందించిన లేఖిని వచ్చిన తరువాత ఏ సాఫ్టువేరూ స్థాపించకుండానే విహరిణిలో యూనికోడ్ తెలుగు టైపు చేయటం సాధ్యమైనది. సొంత కంప్యూటరు లేక నెట్ సెంటర్ల మీద ఆధారపడిన విద్యార్థులకు ఇది గొప్ప సౌకర్యం.

యూనికోడ్ వచ్చిన తరువాత తెలుగు బ్లాగులు 2005 నుండి వేగంగా పెరిగినవి. వాటిని ఒకచోట చూపడానికి కూడలి, తేనెగూడు, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఏర్పడినవి. బ్లాగులో కొత్త టపా పడగానే దాని శీర్షిక, మొదటి కొన్ని వాక్యాలు ఫీడు ద్వారా సంకలినికి చేరేవి. ఏది కొత్తదో సంకలిని చెప్పేది. ఏది దేనికి సంబంధించినదో చెప్పవలసిన బాధ్యత బ్లాగరు పెట్టిన లేబులు మీద ఉండేది. అక్కడ మళ్లీ పాత కథే. ఒకరు కవిత అని, ఒకరు కవితలు అని, ఇంకొకరు కవిత్వము అని పెట్టేవారు. 'అవీ ఇవీ', 'నా గోడు' వంటి లేబుళ్లు వ్రాసినవారికి అర్థవంతమే గాని వెతికేవారికి ఉపయోగపడవు. అయినప్పటికీ కొన్ని మాటలు స్థిరపడినవి. టపా, వ్యాఖ్య, ఖతి, విహరిణి, సంకలిని వంటి పదాలు ఏ అకాడమీ నిర్ణయించకుండానే వాడుకలోకి రావటం సామాజిక వర్గీకరణకు సమాంతరంగా జరిగిన సామాజిక పదనిర్మాణమని చెప్పవచ్చును.

హైదరాబాదులోని బ్లాగరులు, వికీపీడియా సభ్యులు ఆ రోజులలో అమీర్‌పేటకు సమీపాన యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో సమావేశమయ్యేవారు.

ప్రస్తుతం యూట్యూబులో తెలుగులో పాఠాలు విస్తారంగా లభిస్తున్నవి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల పాఠాలు కూడా ఎన్నో అక్కడ ఉన్నవి. వాటిని వెతికే విద్యార్థి విషయం పేరును ఆంగ్లాక్షరాలలో వ్రాసి, పక్కన 'ఇన్ తెలుగు' అని అదే లిపిలో చేరుస్తాడు. తెలుగు భాష ఇక్కడ ఒక ట్యాగు మాత్రమే, అదీ తెలుగు లిపిలో కాదు. ఫలితంగా శీర్షికను శ్రద్ధగా తెలుగు లిపిలో వ్రాసినవారి పాఠం వెనుకబడే ప్రమాదమున్నది. వీడియోను జనం కనుగొనటంలో ట్యాగుల పాత్ర స్వల్పమని యూట్యూబు తన సహాయ పుటలలోనే చెప్పుకున్నది. ఏది చూపవలెనో నిర్ణయించేది ఎక్కువగా చూసేవారి అలవాట్లను లెక్కించే యంత్రమే. వాట్సాప్ సమూహాలలో పంచుకొనేది బయటి వెతుకులాటకు అసలే అందదు.

వికీపీడియా పద్ధతి

వికీపీడియాలో వర్గాలు 2004లో ప్రవేశపెట్టబడినవి. వీటిని పెట్టేది సభ్యులే గనుక ఇది సామాజిక వర్గీకరణే. అయితే ఎవరి ట్యాగు వారిది కాదు, అందరికీ కలిపి ఒకే వర్గం. అభిప్రాయభేదం వస్తే చర్చా పుటలో తేల్చుకొనవలెను. ఈ తగవులు ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టించినా, ప్రయోజనం లేనివి కావు.

పేర్ల చిక్కుకు ఇక్కడ రెండు ఉపాయాలున్నవి. ఒక వస్తువుకు అనేక రూపాలుంటే ఒక రూపం మీద వ్యాసం ఉంచి, మిగిలిన వాటి నుండి దారిమార్పు చేస్తారు. అమీరుపేట అని వెతికినవారూ అమీర్‌పేట వ్యాసానికే చేరుతారు. ఒక పేరుకు అనేక అర్థాలుంటే అయోమయ నివృత్తి పుట పెడతారు. తప్పు రూపాల నుండి కూడా దారిమార్పు చేయవచ్చును. తప్పుగా వ్రాసేవారు కూడా పాఠకులే కదా!

2012లో ప్రారంభమైన వికీడేటా ఇంకొక మెట్టు ఎక్కినది. ఇందులో ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఉంటుంది. పేర్లు ఆ సంఖ్యకు తగిలించిన చీటీలు మాత్రమే. ప్రతి భాషలోనూ ఒక ముఖ్యమైన పేరు, దాని కింద ఎన్ని మారుపేర్లైనా ఉండవచ్చును. నిమ్స్, నిజాం వైద్య విజ్ఞాన సంస్థ రెండూ ఒకే సంఖ్యకు చేరుతాయి. తెలుగు మారుపేర్లను ఎవరో ఒకరు చేర్చితే తప్ప ఈ ఏర్పాటు మనకు పనిచేయదు.

సేవలు మూతపడటం

ట్యాగులు పెట్టటం లక్షలాది మంది జీతం లేకుండా చేసిన పని. దాని ఫలితం సేవ నడిపే సంస్థ చేతిలో ఉంటుంది. భారతదేశంలో విశేష ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. సంకలినుల ఫీడులను ఇంటి వద్దనే చదువుకొనడానికి వాడిన గూగుల్ రీడర్ 2013 జూలై 1న ఆగిపోయినది. తెలుగు చర్చలకు ఆశ్రయమిచ్చిన యాహూ గ్రూపులలో నిల్వ ఉన్న సందేశాలు 2019 డిసెంబరులో తొలగింపునకు గురై, సేవ 2020 డిసెంబరు 15న ముగిసినది. డెలిషియస్ చేతులు మారుతూ పోయి, 2017లో పిన్‌బోర్డు కొన్న తరువాత చదువుకొనడానికి మాత్రమే మిగిలినది. పుటలు ఎక్కడో భద్రంగా ఉన్నా, వాటిని కలిపిన గుర్తులు పోతే దారం తెగిన దండే.

వికీపీడియా, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటి వాటి సమాచారాన్ని మొత్తంగా దింపుకొని ఎవరైనా దాచుకొనవచ్చును, లైసెన్సు షరతులకు లోబడి మరల ప్రచురించవచ్చును. సంస్థ మూతపడినా గుర్తులు పోవు. 2004లో ప్రారంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ప్రతి స్థలానికీ తెలుగు పేరు, మరో పేరు, పాత పేరు విడివిడిగా నమోదు చేయడానికి వీలున్నది. అమీర్‌పేటలోని సత్యం థియేటరును కూల్చి ఆ స్థలంలో కట్టిన కొత్త సినిమా సముదాయం 2023లో ప్రారంభమైనది. ఆటో ఎక్కేవారు ఇప్పటికీ సత్యం థియేటర్ దగ్గర దింపమనే అంటారు. ఆ పటంలో పాత పేరు గడి ఉన్నది ఇటువంటి వాటి కోసమే.